చోదకుని బాధ్యత

బస్సు చోదకుని నిర్లక్ష్యము వలన ప్రాణనష్టము సంభవించినచో భారత శిక్షాస్మృతి 304-ఎ సెక్షను గరిష్ఠముగా 2 సంవత్సరాల శిక్ష విధించెడిది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను దానిని 5 సంవత్సరాలకు పెంచినది. ఇది సమంజసమే. అయితే విచారణ అంతటితో ముగియునా?

2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డుపై ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిరి. అందు సుమారు వంద మంది క్రిక్కిరిసి యుండిరి. చోదకుడును మృతులలో ఒకడు. ఇక శిక్షించుటకు ఎవరు మిగిలిరి? డిపో మేనేజరును సస్పెండు చేసిరి. నా దృష్టిలో ప్రశ్న అంతకన్న పైకి పోవలెను.

2025 వరకు అమలులో నుండిన 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము సాధారణముగా రోజుకు 8 గంటలకు మించి పని చేయించరాదనెడిది. కావున ప్రమాదము జరిగినప్పుడు చోదకుని లైసెన్సుతోపాటు అతని డ్యూటీ చార్టును, బండి మరమ్మతుల పుస్తకమును కూడ న్యాయస్థానము తెప్పించి చూడవలెను.