బీచ్‌తో పాటు వేళను కూడా ఎంచుకో

ముకరంపుర,
కరీంనగర్.

చిరంజీవి సౌభాగ్యవతి చిట్టికి,

అల్లుడికి ఎల్‌టీసీ మంజూరైందనీ, పిల్లలనూ అత్తమ్మనూ వెంటబెట్టుకొని అండమాన్‌కు పోదామనుకుంటున్నామనీ నువ్వు చెప్పినప్పటి నుంచి మీ ప్రయాణమే నా మనసులో తిరుగుతోంది. అక్కడ ఏ బీచ్‌లకు పోతే పిల్లలతో నిమ్మళంగా ఉంటుందో చెప్పమన్నావు. ఫోన్‌లో చెబితే సగం గుర్తుండదని ఉత్తరమే రాస్తున్నాను. అల్లుడికి కూడా చదివి వినిపించు.

ముందు అసలు మాట. బీచ్‌ను ఫొటో చూసి ఎంచుకోవద్దు బిడ్డా. మీలో అందరికంటే చిన్నవాడు నాలుగేళ్ల బుడ్డోడు. అందరికంటే పెద్దావిడ మోకాళ్ల నొప్పులున్న అత్తమ్మ. వాళ్లిద్దరికీ అనువైన ఒడ్డే మీ అందరికీ మంచి ఒడ్డు. బండి దిగిన చోటు నుంచి నీళ్ల దాకా అత్తమ్మ నడవగలదా? కూర్చోవడానికి నీడ ఉందా? బాత్‌రూమ్ దగ్గరలో ఉందా? బుడ్డోడు పది అడుగులు వేసినా నీళ్లు వాడి మోకాళ్లు దాటకుండా ఉంటాయా? ఈ నాలుగూ కుదిరాకే అందం సంగతి.

దీనితో సమానమైన మాట ఇంకొకటి ఉంది. ఏ బీచ్ అన్నది ఎంత ముఖ్యమో, ఏ వేళకు అన్నదీ అంతే ముఖ్యం. మనం గోదావరి, మానేరు ఒడ్డున పెరిగినవాళ్లం. మనకు తెలిసిన నీళ్లు అయితే చెరువులో నిలిచి ఉంటాయి, లేదంటే వాగులో ఒక్క దిక్కుకే పారుతాయి. సముద్రం రోజుకు రెండుసార్లు ఒడ్డెక్కి, రెండుసార్లు వెనక్కి పోతుంది. పొద్దున బుడ్డోడి మోకాలి లోతున్న చోట మధ్యాహ్నానికి నీ నడుము దాకా రావచ్చు. పొద్దున పిల్లలు హాయిగా ఈదిన చోట సాయంత్రానికి నీళ్లు వెనక్కిపోయి, కాళ్లు కోసుకుపోయే పగడపు రాళ్లు తేలవచ్చు. ఒక బీచ్ గురించి ఒకరు బాగుందని, ఇంకొకరు ఏమీ లేదని చెబితే ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు. వాళ్లు పోయిన వేళలు వేరు, అంతే.

ఆటుపోట్ల లెక్క మన ఇంట్లో గోడకు వేలాడే పంచాంగం క్యాలెండర్‌లోనే దొరుకుతుంది. అమావాస్యకు, పున్నమికి అటూ ఇటూ పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. అండమాన్‌లో ఆ రోజుల్లో రెండింటికీ తేడా సుమారు 2 మీటర్లు. అష్టమి, నవమి దాటిన రోజుల్లో ఆ తేడా సగానికి పడిపోతుంది. చిన్నపిల్లలున్నవాళ్లకు ఆ రోజులు మేలు. ఇవాళ ఏ వేళకు పోటు వస్తే రేపు దానికి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. సరైన సమయాలు హోటల్ వాళ్లకు, పడవల వాళ్లకు తెలిసే ఉంటాయి. రాత్రి పడుకునే ముందు రేపటి వేళ అడిగి పెట్టుకోండి, దాన్నిబట్టి మరునాటి కార్యక్రమం వేసుకోండి.

బతుకమ్మ సెలవుల్లో పోదామన్నావు. నా మాట విని సంక్రాంతి సెలవులకు మార్చుకో. అక్టోబర్, నవంబర్ నెలల్లో బంగాళాఖాతంలో అల్పపీడనాలు, తుపానులు ఎక్కువ. గాలి లేస్తే దీవుల మధ్య పడవలు ఆపేస్తారు, మీరు హోటల్ గదిలో కూర్చోవాల్సి వస్తుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది, నీళ్లు తేటగా ఉంటాయి. ఒక సంగతి మాత్రం మరవద్దు. అండమాన్ మనకు దాదాపు 14 డిగ్రీల రేఖాంశం తూర్పున ఉంది, కానీ గడియారం మాత్రం మనదే. అందుకని సంక్రాంతి రోజుల్లో అక్కడ సాయంత్రం ఐదుంబావుకల్లా పొద్దు గూకుతుంది, మనకంటే ముప్పావు గంట ముందు. ఇక్కడి అలవాటు ప్రకారం టీ తాగి ఐదింటికి బయలుదేరితే చీకట్లో అలల చప్పుడు వినడమే మిగులుతుంది. మధ్యాహ్నం రెండున్నరకల్లా ఒడ్డున ఉండండి. పొద్దున కూడా ఆరున్నరకే బయలుదేరితే ఎండ ముదిరేలోపు పిల్లల ఆట అయిపోతుంది.

ఇక చోట్ల సంగతి. శంషాబాద్‌లో ఎక్కితే రెండు గంటల పైచిలుకులో పోర్ట్ బ్లెయిర్‌లో దిగుతారు. 2024లో దాని పేరు శ్రీవిజయపురం అని మార్చారు. హేవ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌ను షహీద్ ద్వీప్ అని 2018లోనే మార్చారు. టికెట్ల మీద, జనం నోట పాతవీ కొత్తవీ రెండూ వినిపిస్తాయి, కంగారు పడకండి.

దిగిన రోజు పెద్ద కార్యక్రమం వద్దు. ఊరికి దగ్గరలో కార్బిన్స్ కోవ్ ఉంది. రోడ్డు బీచ్ పక్కనుంచే పోతుంది, కొబ్బరిచెట్ల నీడ ఉంది. అత్తమ్మకు నడక బాధ లేదు. పిల్లలకు మొదటిసారి అల అంటే ఏమిటో ఒడ్డునే నిలబడి తెలుసుకోవడానికి అది చాలు.

మీ సెలవులో ఎక్కువ భాగం షహీద్ ద్వీప్‌కు ఇవ్వండి. అది చిన్న దీవి, చాలావరకు చదును, కూరగాయల పొలాల మధ్య నుంచి దారులు. జెట్టీ పక్కనే భరత్‌పూర్ బీచ్. ముందు పగడపు దిబ్బ అడ్డుగా ఉండడం వల్ల పెద్ద అలలు ఒడ్డు దాకా రావు. చాలా దూరం లోతు పెరగదు. బుడ్డోడికి ఇంతకంటే మంచి చోటు ఆ దీవుల్లో నాకు కనిపించలేదు. అద్దం అడుగు పడవలు అక్కడే ఉంటాయి. మోకాళ్లు వంగని మనిషి కూడా బల్ల మీద కూర్చొని కాళ్ల మధ్య అద్దంలోంచి చూడొచ్చు. పసుపు చారల చేపలు పగడాల సందుల్లోంచి గుంపుగా బయటికొచ్చి, పడవ నీడ పడగానే ఒక్కసారిగా మలుపు తిరిగి మాయమవుతాయి. అత్తమ్మకు అది తప్పకుండా చూపించు. బాగా ఆటు మీద ఉన్నప్పుడు మాత్రం నీళ్లు దూరం పోయి రాళ్లు తేలతాయి. నీళ్లు ఎక్కుతూ సగానికి వచ్చిన వేళ పిల్లలకు మంచిది. జెట్ స్కీలు, స్పీడ్ బోట్లు తిరిగే వైపు మాత్రం పోనివ్వద్దు.

అదే దీవిలో లక్ష్మణ్‌పూర్ పొద్దు గూకేది చూడడానికి, సీతాపూర్ పొద్దు పొడిచేది చూడడానికి. రెండూ చూసే చోట్లే, పిల్లలకు స్నానాల చోట్లు కావు. సహజ రాతి వంతెన ఉన్నచోటికి ఆటు వేళే పోవాలి, పాకుడు రాళ్ల మీద నడవాలి. అక్కడికి అల్లుడూ పెద్దపిల్లా పోయి రానీ. అత్తమ్మా బుడ్డోడూ నీతో భరత్‌పూర్‌లో ఉంటారు. అందరూ అన్నీ చూడాలన్న పట్టుదల పెట్టుకోవద్దు.

స్వరాజ్ ద్వీప్‌లో రాధానగర్‌కు పోకుండా ఎట్లాగూ ఉండరు. టైమ్ పత్రిక 2004లో ఆసియాలోకెల్లా మేలైన బీచ్ అన్నది దాన్నే. 2020లో మన దేశంలో మొదటిసారి ఎనిమిది బీచ్‌లకు బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వస్తే అందులో రాధానగర్ ఒకటి, విశాఖ రుషికొండ ఇంకొకటి. నీటి శుభ్రత, బాత్‌రూమ్‌లు, భద్రత, అన్నీ కలిపి 33 ప్రమాణాలు చూసి ఇచ్చే గుర్తింపు అది. కుటుంబంతో పోయేవాళ్లకు పత్రిక మెచ్చుకోలు కంటే ఇదే అక్కరకొస్తుంది. బట్టలు మార్చుకోను గదులుంటాయి, లైఫ్‌గార్డులుంటారు. ఇసుక మెత్తన, రాళ్లు లేవు. కానీ అది పడమటి సముద్రానికి తెరుచుకొని ఉంది, భరత్‌పూర్‌లా అడ్డు లేదు. అలలు లేచిన రోజున బుడ్డోడు తడి ఇసుకలో ఆడుకుంటే చాలు. కాలాపత్థర్ రాళ్ల బీచ్, పొద్దున చూసి రండి. ఎలిఫెంట్ బీచ్‌కు జెట్టీ నుంచి పడవలో పోవాలి, లేదా అడవిదారిన నడవాలి. పెద్దపిల్ల గైడ్‌తో స్నార్కెలింగ్ చేస్తానంటే అల్లుడు తీసుకుపోనీ, అత్తమ్మకు వద్దు.

నీళ్ల దగ్గర పాటించాల్సినవి ఇప్పుడు చెబుతాను. మేము అండమాన్ పోయినప్పుడు కార్బిన్స్ కోవ్ ఒడ్డున ఒక తెలుగు జాలరి మాకు చూపించిన సంగతి ముందు రాస్తాను. ఆ దీవుల్లో 2011 లెక్కల ప్రకారం నూటికి పదమూడు మందికి మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పోయి స్థిరపడ్డవాళ్లు ఎక్కువ. శ్రీవిజయపురంలో తెలుగులో అడిగితే చాలాసార్లు తెలుగులోనే జవాబొస్తుంది. ఆ జాలరి, నీళ్లలో దిగేముందు కాసేపు నిలబడి చూడమన్నాడు. వరసగా అలలు విరిగి నురగ పడుతుంటే, నడుమ ఒకచోట మాత్రం నురగ లేకుండా, కాస్త నల్లగా, నున్నగా ఉన్న పట్టీని వేలుపెట్టి చూపించాడు. "అక్కడ అల లేదని అందరూ అక్కడే దిగుతారు బాబూ, లోపలికి లాగేస్తాది" అన్నాడు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి సముద్రంలోకి పోయే దారి అది. మన కుంటాల జలపాతం గుండాల్లో ఎంతమంది ప్రాణాలు పోయాయో మీకు తెలుసు. పైకి నిమ్మళంగా కనిపించే నీళ్లను నమ్మవద్దన్న పాఠం అక్కడా ఇక్కడా ఒకటే. పొరపాటున లాగితే ఒడ్డు వైపు ఎదురీదవద్దు, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రావాలి. అల్లుడికి ఇది బాగా చెప్పు.

పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపు ఒక పెద్దమనిషి చేయి చాస్తే అందేంత దూరంలో ఉండాలి, అదీ సముద్రం వైపు నిలబడి. మీరు ఒడ్డు వైపు, పిల్లవాడు సముద్రం వైపు ఉండే పద్ధతి వద్దు. ఆ సమయంలో ఫోన్ అత్తమ్మ సంచిలో ఉండాలి. గాలి ఊదిన ట్యూబులు, బొమ్మ పడవలు కొనవద్దు. ఒడ్డు నుంచి గాలి వీస్తే అవి పిల్లవాడితో సహా లోపలికి కొట్టుకుపోతాయి. పడవెక్కినప్పుడు లైఫ్ జాకెట్ బుడ్డోడి కొలతదే అడిగి వేయించు. భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగితే చెవుల దాకా లేచిందంటే అది వాడికి పనికిరాదు.

మొసళ్ల మాట భయపెట్టడానికి రాయడం లేదు. మీ మంచిర్యాల దగ్గరి శివ్వారం మడుగుల్లో ఉండేవి మంచినీటి మొసళ్లు. అండమాన్‌వి ఉప్పునీటివి, వీటికంటే చాలా పెద్దవి, సముద్రంలోనూ ఈదుతాయి. 2010లో రాధానగర్ దగ్గరి నీల్స్ కోవ్‌లో ఒక విదేశీ పర్యాటకురాలిని మొసలి చంపింది. వాగులు కలిసేచోట, మడ అడవుల దగ్గర, హెచ్చరిక బోర్డు ఉన్నచోట, చీకటి పడ్డాక కాలు కూడా తడపవద్దు. జనం ఎవరూ దిగని బీచ్ ఎంత అందంగా ఉన్నా మీరు మొదటివాళ్లు కావద్దు.

సముద్రం లేని మన హైదరాబాద్‌లోనే ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. దేశమంతటి తీరానికి అలల ఎత్తు సమాచారం, సునామీ హెచ్చరికలు ఇచ్చేది వాళ్లే. 2004 డిసెంబర్ 26 సునామీ అండమాన్ నికోబార్‌ను ఎంత దెబ్బ తీసిందో నువ్వు చదివే ఉంటావు. ఆ తర్వాత 2007లో హెచ్చరికల కేంద్రం పెట్టారు. రోజూ బయలుదేరే ముందు వాళ్ల అలల సూచన చూడమని అల్లుడికి చెప్పు. ఒడ్డున ఉండగా భూమి గట్టిగా కంపించినా, సముద్రం ఉన్నట్టుండి ఎప్పుడూ లేనంత వెనక్కి పోయినా, సామాను వదిలేసి ఎత్తైన చోటికి పోండి.

తిరుగు విమానానికి ముందురోజు కచ్చితంగా శ్రీవిజయపురంలో ఉండండి. గాలి మారితే పడవలు రద్దవుతాయి. పిల్లలకు రబ్బరు చెప్పులు, పొడుగు చేతుల నూలు చొక్కాలు పెట్టు. పొద్దు గూకే వేళ ఒడ్డున ఇసుక ఈగలు కుడతాయి, కాళ్లు కప్పే బట్టలు వెయ్యి. పగడపు ముక్క ఒక్కటి కూడా సంచిలో వేసుకోనివ్వద్దు. వన్యప్రాణి చట్టం కింద అది నేరం. అంతకంటే ముఖ్యంగా, భరత్‌పూర్‌లో బుడ్డోడి కాళ్ల ముందు అల విరిచేది ఆ పగడమే. వాడి పిల్లలు పోయేనాటికీ అది అక్కడ ఉండాలి.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. అత్తమ్మను సామాను కాపలాకు తీసుకుపోవద్దు బిడ్డా. ఇంత వయసుకు మొదటిసారి సముద్రం చూడబోతోంది. భరత్‌పూర్‌లో నీళ్లు మోకాలి లోతున్న వేళ చూసి, నువ్వొక చెయ్యి, అల్లుడొక చెయ్యి పట్టుకొని ఆమెను దింపండి. టికెట్లు తీసుకునే ముందు తేదీలు నాకు చెప్పు. పంచాంగం ముందు పెట్టుకొని తిథులు చూసి, ఏ రోజు ఏ దీవిలో ఉండాలో ఫోన్‌లో మాట్లాడుకొని ఖాయం చేద్దాం.

పిల్లలకు ముద్దులు, అత్తమ్మకు నమస్కారాలు.

ఇట్లు,
మీ పెద్దబాపు