పాత టీవీ గేమ్‌కి ఒరిజినల్ క్యాసెట్ స్లాట్ పెట్టొచ్చా? సోల్డరింగ్ ఐరన్ వేడెక్కే ముందు ఇది చదవండి

టీవీకి మూడు రంగుల వైర్లు గుచ్చగానే "9999999 ఇన్ 1" అని మెనూ వచ్చే గేమ్ డబ్బా చాలామంది ఇళ్లలో అటక మీద ఇంకా ఉంటుంది. కొన్నిటికి క్యాసెట్ స్లాట్ ఉంటుంది. కొన్నిటికి అసలు ఉండదు, లోపల ఉన్న గేములే ఆడుకోవాలి. వీటినే ప్లగ్ అండ్ ప్లే కన్సోల్ అంటారు. ఈ రెండో రకానికి స్లాట్ పెట్టి పాత మారియో, కాంట్రా క్యాసెట్లు ఆడించొచ్చా అన్నదే ఈరోజు టాపిక్.

షార్ట్‌గా చెప్పాలంటే, కొన్నిటికి కుదురుతుంది, కొన్నిటికి ఎంత కష్టపడ్డా కుదరదు. ఏది ఏ రకమో తెలియకుండా మొదలుపెడితే డబ్బాతో పాటు క్యాసెట్ కూడా పోతుంది. డబ్బా ఇంకోటి దొరుకుతుంది, పాత క్యాసెట్ దొరకడం కష్టం. అందుకే ముందు గుర్తుపట్టడం నేర్చుకుందాం, తర్వాత పని.

లోపల ఉన్నది ఏంటి?

మన ఊళ్లలో "వీడియో గేమ్" పేరుతో అమ్ముడైనవి ఎక్కువ శాతం నింటెండో ఫామికామ్‌కి క్లోన్లు. ఫామికామ్ జపాన్‌లో 1983 జులై 15న వచ్చింది. అందులో ప్రాసెసర్ 6502 రకం, స్పీడ్ సుమారు 1.79 మెగాహెర్ట్జ్. బొమ్మలు గీయడానికి పీపీయూ అనే ఇంకో చిప్ ఉంటుంది. తర్వాత ఈ రెండిటినీ కలిపి ఒకే చిప్‌లో పెట్టారు. డబ్బా తెరిస్తే బోర్డు మీద కనిపించే నల్లటి గుండ్రటి బొట్టు కింద ఉండేది అదే.

పైన ఉన్న బ్రాండ్ పేరు చూసి లోపలి చిప్ ఏదో చెప్పలేం. 2004లో వచ్చిన అటారి ఫ్లాష్‌బ్యాక్ దీనికి మంచి ఉదాహరణ. పేరు అటారి, లోపల మాత్రం నింటెండో క్లోన్ చిప్. కాబట్టి దానికి అటారి క్యాసెట్లు పెట్టే దారే లేదు. 2005లో కర్ట్ వెండెల్ డిజైన్ చేసిన ఫ్లాష్‌బ్యాక్ 2లో అటారి 2600 హార్డ్‌వేర్‌నే ఒక చిప్‌గా మళ్లీ తయారుచేశారు. క్యాసెట్ స్లాట్ ఎక్కడ కలపాలో బోర్డు మీదే గుర్తులు కూడా ఇచ్చారు. అటారి క్యాసెట్‌కి ఉండేది 24 పిన్నులే: 13 అడ్రస్, 8 డేటా, ఒక 5 వోల్టుల లైను, రెండు గ్రౌండ్లు. మన ఫామికామ్ క్యాసెట్‌కి 60. పని కూడా ఆ లెక్కలోనే పెరుగుతుంది.

మీ డబ్బా ఏ రకం?

స్క్రూలు విప్పి బోర్డు చూడండి. నాలుగు రకాల్లో ఏదో ఒకటి ఉంటుంది.

1. ఖాళీ రంధ్రాలు ఉన్న బోర్డు. రెండు వరుసల్లో 30 చొప్పున 60 రంధ్రాలు ఉంటాయి, స్లాట్ మాత్రం అతికించి ఉండదు. మీ పంట పండినట్టే.

2. రంధ్రాలు లేవు కానీ పాత తరం చిప్. ప్రాసెసర్ బస్సు, పీపీయూ బస్సు రెండూ విడివిడిగా బోర్డు మీదకి వస్తాయి. ఒక్కో లైన్‌కి వైరు లాగాలి. ఓపిక ఉంటే అవుతుంది.

3. వన్‌బస్ చిప్. వీటీ02, వీటీ03 లాంటి చిప్‌లతో వచ్చిన కొత్త డబ్బాలు. ప్రోగ్రామ్, బొమ్మలు రెండూ ఒకే రోమ్ నుంచి ఒకే బస్సు మీద చదువుతాయి. ఒరిజినల్ క్యాసెట్‌కి కావాల్సిన రెండో బస్సు ఇలాంటి చాలా బోర్డుల్లో బయటికే రాదు. వదిలేయండి.

4. ఎమ్యులేటర్ డబ్బా. హెచ్‌డీఎంఐ గేమ్ స్టిక్కులు, 2016లో వచ్చిన ఎన్ఈఎస్ క్లాసిక్ మినీ ఈ కోవలోవే. లోపల లినక్స్ మీద నడిచే చిన్న కంప్యూటర్ ఉంటుంది. క్యాసెట్ కలపడానికి బస్సే ఉండదు.

1, 2 రకాలైనా ఇంకో పరీక్ష ఉంది. డబ్బా ఆన్ చేసి గేమ్ రోమ్‌కి వెళ్లే పవర్ లైన్ మీద మల్టీమీటర్ పెట్టండి. 5 వోల్టులు వస్తే ముందుకెళ్లండి. 3.3 వస్తే ఆగిపోండి. ఒరిజినల్ క్యాసెట్లు 5 వోల్టులకి చేసినవి. వాటి డేటా లైన్లు 3.3 చిప్‌ని కాల్చేయొచ్చు.

60 పిన్నులు ఏం చేస్తాయి?

లెక్క వేస్తే అంత భయపడాల్సిందేమీ లేదు.

- ప్రాసెసర్ వైపు 27: అడ్రస్ 15, డేటా 8, ఇంకా ఆర్/డబ్ల్యూ, ఎం2, రోమ్ సెలెక్ట్, ఐఆర్‌క్యూ.
- పీపీయూ వైపు 25: అడ్రస్ 14, డేటా 8, రీడ్, రైట్, తిరగేసిన ఏ13.
- వీడియో మెమరీ కోసం 2.
- సౌండ్ కోసం 2: 45, 46.
- పవర్ 4: గ్రౌండ్ 1, 16. 5 వోల్టులు 30, 31.

సౌండ్ పిన్నుల సంగతి కొంచెం తమాషాగా ఉంటుంది. ఫామికామ్‌లో సౌండ్ 45 నుంచి క్యాసెట్‌లోకి వెళ్లి, 46 నుంచి తిరిగొస్తుంది. మామూలు క్యాసెట్లలో ఆ రెండిటినీ ఒక రాగి గీతతో కలిపేస్తారు. మీ బోర్డు సౌండ్‌ని నేరుగా టీవీకి పంపిస్తుంటే ఈ రెండూ వదిలేయొచ్చు.

అసలు చిక్కు: ఇద్దరు ఒకేసారి మాట్లాడటం

క్లాస్‌లో హాజరు పలికేటప్పుడు ఒకే నంబర్‌కి ఇద్దరు "ఎస్ సార్" అంటే ఏమవుతుంది? లోపలి గేమ్ రోమ్, మీరు పెట్టిన క్యాసెట్ రెండూ ఒకే బస్సు మీద ఉంటే అదే జరుగుతుంది. ప్రాసెసర్ ఒక అడ్రస్ అడిగితే ఇద్దరూ జవాబిస్తారు. ఒకరు 1 అని, ఇంకొకరు 0 అని లాగుతారు. తెర మీద చెత్త వస్తుంది, చిప్‌లు వేడెక్కుతాయి.

కాబట్టి లోపలి రోమ్ నోరు మూయించాలి. దాని చిప్ సెలెక్ట్‌కి వచ్చే ట్రాక్‌ని బ్లేడుతో కోసి, ఆ పిన్నుని 10 కిలో ఓమ్ రెసిస్టర్‌తో 5 వోల్టులకి కట్టేయండి. సెలెక్ట్ లైన్ కిందికి దిగితేనే రోమ్ పలుకుతుంది, పైన ఉంటే మౌనం. బొమ్మల రోమ్ వేరుగా ఉంటే దానికీ ఇదే పని. వీడియో మెమరీకి వెళ్లే రెండు లైన్లను కూడా పాత కనెక్షన్ నుంచి విడదీసి స్లాట్‌కి ఇవ్వాలి.

స్విచ్ పెట్టి రెండూ వాడుకోవచ్చు కదా అనిపిస్తుంది. కుదురుతుంది, కానీ ఒక్క లైన్ మారిస్తే సరిపోదు, ఇవన్నీ కలిసి మారాలి. మొదటిసారి చేసేవాళ్లు లోపలి గేముల మీద ఆశ వదులుకోవడమే మంచిది.

పని వరుస

1. స్లాట్ కొత్తది వెతక్కండి. చెడిపోయిన వీడియో గేమ్ నుంచి పీకిన 60 పిన్నుల స్లాట్ చాలు. పిన్నుల మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు. అమెరికా ఎన్ఈఎస్ స్లాట్ 72 పిన్నులు, 2.5 మిల్లీమీటర్లు, అది పనికిరాదు.
2. సన్న వైరు, ఫ్లక్స్, మల్టీమీటర్ కోసం పటాన్‌చెరు నుంచి 218 ఎక్కితే కోఠిలో దిగుతారు. గుజరాతీ గల్లీలో అన్నీ దొరుకుతాయి.
3. ముందు గ్రౌండ్, 5 వోల్టులు మాత్రమే అతికించండి. క్యాసెట్ పెట్టకుండా ఆన్ చేసి స్లాట్‌లో వోల్టేజ్ చూడండి.
4. స్లాట్‌ని పైనుంచి చూసి నంబర్లు వేసుకుని, కింద నుంచి అతికిస్తే వరస తిరగబడుతుంది. 1 ఉండాల్సిన చోటికి 30 వస్తుంది, అంటే గ్రౌండ్ చోట 5 వోల్టులు. క్యాసెట్లని చంపే తప్పు ఇదే. నంబర్లు కింది వైపే రాసుకోండి.
5. ప్రతి వైరు అతికించాక పక్క పిన్నుతో షార్ట్ ఉందేమో బీప్ పెట్టి చూడండి. అన్నీ అయ్యాక చూద్దాంలే అనుకోవద్దు.
6. మొదటి పరీక్షకి సూపర్ మారియో బ్రదర్స్ లాంటి సింపుల్ క్యాసెట్ వాడండి. మొత్తం గేమ్ 40 కేబీ, అదనపు చిప్ ఏదీ లేదు. క్యాసెట్ కాంటాక్టులు నోటితో ఊదకండి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

తెర చూసి తప్పు పట్టడం

- ఒకే రంగు తెర: ప్రాసెసర్ వైపు లైను తెగింది, లేదా రోమ్ సెలెక్ట్ అందట్లేదు.
- సౌండ్ బాగుంది, బొమ్మలు ముక్కలు: పీపీయూ అడ్రస్ లేదా డేటా లైన్లు తారుమారు.
- గేమ్ నడుస్తోంది, బ్యాక్‌గ్రౌండ్ తప్పు చోట రిపీట్ అవుతోంది: వీడియో మెమరీ లైన్లు.
- మారియో 3లో కింది స్కోర్ పట్టీ చెదిరిపోతోంది: ఐఆర్‌క్యూ కలవలేదు.
- గేమ్ నెమ్మదిగా ఉంది: తప్పు మీది కాదు. 60 హెర్ట్జ్‌కి రాసిన గేమ్ 50 హెర్ట్జ్ పాల్ డబ్బాలో ఆరో వంతు నెమ్మదిస్తుంది.

ఒక్క విషయం, డక్ హంట్ తుపాకీ మీద ఆశ పెట్టుకోకండి. అది పాత పిక్చర్ ట్యూబ్ టీవీ మీదే గురి పడుతుంది, ఎల్ఈడీ టీవీ మీద పని చెయ్యదు.

ఇంత కష్టం ఎందుకు?

గేమ్ ఆడటమే కావాలంటే ఫోన్‌లో ఎమ్యులేటర్ చాలు, నిజమే. కానీ బీటెక్ ఈసీఈ వాళ్లు ల్యాబ్‌లో 8085 కిట్ మీద హెక్స్ కోడ్ కొట్టి, వైవా అవ్వగానే మర్చిపోతారు. అడ్రస్ బస్సు, చిప్ సెలెక్ట్, ఇంటరప్ట్ అన్న మాటలు రికార్డు పుస్తకంలోనే ఉండిపోతాయి. ఇక్కడ ఐఆర్‌క్యూ వైరు పీకితే స్కోర్ పట్టీ చెదురుతుంది, మళ్లీ అతికిస్తే నిలబడుతుంది. ఇంటరప్ట్ అంటే ఏంటో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. పైగా ఈ బస్సు స్పీడ్ ఎంత తక్కువంటే చవక లాజిక్ అనలైజర్‌తో కూడా చూడొచ్చు. ఇవాళ్టి ఫోన్ మెమరీ బస్సుని అలా చూడలేం.

పాశమైలారం, బొల్లారం ప్లాంట్లలో మెయింటెనెన్స్‌లో చేరాలనుకునే డిప్లొమా, ఐటీఐ వాళ్లకి కూడా ఇదే చెప్తాను. బోర్డు మీద ఒక లైన్‌ని చివరిదాకా వెతికి పట్టుకోవడం ఎక్కడైనా ఒకే విద్య. తూకానికి పోయే పాత డబ్బా మీద అది నేర్చుకుంటే నష్టం తక్కువ.

మా మాట: 1వ రకం బోర్డు అయితే ఒక ఆదివారం పెట్టండి, కచ్చితంగా చేయండి. 2వ రకం అయితే సోల్డరింగ్ చేతికి అలవాటయ్యాకే. 3, 4 అయితే స్క్రూలు మళ్లీ బిగించి, ఉన్న గేములే ఆడుకోండి. మీ బోర్డు ఏ రకమో తేల్చుకోవడానికి పది నిమిషాలు చాలు. క్యాసెట్‌ని మాత్రం అప్పటిదాకా బీరువాలోనే ఉంచండి.