చిన్నారుల్లో ఆటిజం: చూసుకునేవారికి వీడియో కాల్‌లో శిక్షణ – తెలుసుకోవాల్సిన విషయాలు

ఈ సమాచారం ఎవరికి?
మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ ప్రాంతాల్లో ఆరేళ్లలోపు పిల్లలున్న కుటుంబాలకు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ఇళ్లతో పాటు సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, క్యాబ్ పనుల్లో ఉన్నవారి ఇళ్లకు కూడా. ముఖ్యంగా పగలంతా పిల్లల దగ్గరుండే నానమ్మ, అమ్మమ్మ, ఆయాలకు ఇది చదివి వినిపించండి.

1. ఎప్పుడు చూపించాలి?
ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, ఏడాదిన్నరకు కూడా కావాల్సినది వేలితో చూపించకపోవడం, వచ్చిన మాటలు పోవడం. వీటిలో ఏది కనిపించినా డాక్టర్‌కు చూపించండి. వినికిడి పరీక్ష తప్పనిసరిగా చేయించండి. "మగపిల్లాడు కదా, మాటలు లేటుగా వస్తాయిలే" అని ఆగొద్దు.

2. ఎక్కడికి వెళ్లాలి?
దగ్గరలోని బస్తీ దవాఖానా లేదా అంగన్‌వాడీలో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గురించి అడగండి. 2013లో మొదలైన ఈ పథకం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు ఉచితంగా పరీక్షిస్తారు. ఎదుగుదల లోపం అనిపిస్తే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపిస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీలో కూడా చిన్నపిల్లల కోసం ప్రత్యేక కేంద్రం 2021 జూన్ నుంచి ఉంది.

3. వీడియో కాల్ శిక్షణ అంటే ఏమిటి?
పిల్లాడిని ఫోన్ ముందు కూర్చోబెట్టడం కాదు. శిక్షణ మీకు. మీరు పిల్లాడితో ఆడుకుంటున్న కొద్ది నిమిషాల వీడియో తీస్తారు. థెరపిస్ట్ దాన్ని మీతో కలిసి చూసి, ఎక్కడ బాగా చేశారో, ఎక్కడ ఇంకొంచెం ఆగాలో చెబుతారు. 2020 లాక్‌డౌన్‌లో థెరపీ సెంటర్లు మూతపడినప్పుడు చాలా కుటుంబాలు ఈ పద్ధతికి మారాయి.

థెరపీ వారంలో కొన్ని గంటలే. మిగతా సమయమంతా పిల్లాడు ఇంట్లోనే ఉంటాడు. అందుకే ఇంట్లోవాళ్లు నేర్చుకోవడం ముఖ్యం. గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో 65 కుటుంబాలతో ఒక అధ్యయనం జరిగింది. స్పెషలిస్టులు కాని ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లలో, వీడియోలు చూపిస్తూ తల్లిదండ్రులకు నేర్పించారు. పిల్లలు తమంతట తాము పలకరించడం, అడగడం పెరిగిందని 2016లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో ప్రచురించారు.

4. ఈ రోజే మొదలుపెట్టగలిగినవి
• పిల్లాడు కారు చక్రం తిప్పుతుంటే లాక్కోవద్దు. పక్కన కూర్చుని మీరూ తిప్పండి. "తిరుగుతోంది" అనండి.
• బిస్కెట్ పారదర్శకమైన డబ్బాలో పెట్టి చేతికివ్వండి. మనసులో ఐదు లెక్కపెట్టండి. చూపు, చెయ్యి, శబ్దం, దేనితో అడిగినా "బిస్కెట్" అని చెప్పి వెంటనే మూత తీసి ఇవ్వండి.
• ఇంట్లో సహజంగా వచ్చే భాషలోనే మాట్లాడండి. ఇంగ్లిష్ కోసం తెలుగు మానేయక్కర్లేదు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు నష్టం లేదని పరిశోధనలు చెబుతున్నాయి.

5. కాల్ ఎవరు తీసుకోవాలి?
తల్లిదండ్రులు ఆఫీసులో మీటింగ్‌ల మధ్య కాల్‌లో చేరితే, నేర్చుకున్నది పిల్లాడి దాకా చేరదు. పగలంతా దగ్గరుండేవారు కాల్‌లో తప్పక ఉండాలి. వాళ్లకు వీలైన సమయం, అర్థమయ్యే భాష ముందే అడగండి. వీడియోలను అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో పెట్టొద్దు.

థెరపిస్ట్ అపాయింట్‌మెంట్ దొరికేదాకా ఖాళీగా ఉండక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2 నుంచి 9 ఏళ్ల పిల్లల సంరక్షకుల కోసం రూపొందించిన శిక్షణ 2022 నుంచి ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. ఇంట్లో ఇంగ్లిష్ వచ్చినవారు చూసి మిగతావారికి తెలుగులో చెప్పండి.

6. సర్టిఫికెట్, బీమా
2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. యూడీఐడీ కార్డుకు స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేయండి. ప్రైవేటు థెరపిస్ట్ వీడియో కాల్‌లో రాసిచ్చిన కాగితం దీనికి చెల్లదు. ప్రభుత్వం గుర్తించిన వైద్యాధికారులే ధ్రువీకరించాలి.

సర్టిఫికెట్ వచ్చాక నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో చేరండి. ఏటా రూ.1 లక్ష వరకు వర్తిస్తుంది. ఓపీ, థెరపీ ఖర్చులకు కూడా పరిమితులకు లోబడి క్లెయిమ్ చేసుకోవచ్చు. బిల్లులు పారేయకండి.

7. జాగ్రత్త
"మూడు నెలల్లో నయం చేస్తాం" అనేవారికి డబ్బు కట్టొద్దు. ఆటిజం జ్వరంలా తగ్గిపోయేది కాదు. సరైన సాయంతో పిల్లలు నేర్చుకుంటారు, ఒక్కొక్కరు ఒక్కో వేగంతో.

పెంచేవారికీ అలసట, దిగులు ఉంటాయి. మనసు బరువెక్కితే టెలీ మానస్ నంబర్ 14416కు కాల్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

పిల్లాడి దగ్గర పగలు ఎవరుంటారో, ముందుగా వాళ్ల ఫోన్‌కు ఈ పీడీఎఫ్ పంపండి.