ఆ గడిలో ఏం రాయాలె

ఆదిలాబాద్

బిడ్డా,

మొన్న ఆదివారం ఫోన్ ఎత్తంగనే “ఎలా ఉన్నారు తాతయ్యా” అన్నవు. రాంగ్ నంబర్ అనుకొని పెట్టేయబోయిన. నాలుగేండ్ల కింద హైదరాబాద్ పోయేదాకా నువ్వు “ఎట్లున్నవ్ తాతా” అనేదానివి. తప్పు పట్టుతలేను. హాస్టల్‌లో నీ మాట విని “మీది తెలుగా, మరాఠీయా” అని నవ్విన్రట. కొత్త ఆఫీసు ఫారంలో మాతృభాష అనే గడి దగ్గర చెయ్యి ఆగిందట. ఇవన్నీ పట్నం మాటలోనే చెప్పినవు. చివర “అసలు నేను ఎక్కడిదాన్ని తాతా” అని అడిగినప్పుడు మాత్రం గొంతు పూడుకపోయి పాత యాసే వచ్చింది. అప్పటికప్పుడు నాకు జవాబు తోచలే. అందుకే ఈ ఉత్తరం.

ముందు మీ అమ్మమ్మ సంగతి విను. ఆమె పుట్టింది 1949లో, కిన్వట్‌లో. అప్పుడు కిన్వట్ మన ఆదిలాబాద్ జిల్లాలో తాలూకా, రాష్ట్రం హైదరాబాద్. 1956 నవంబర్ 1న రాష్ట్రాలు పంచినప్పుడు కిన్వట్, రాజురా అటు పోయినయి. తెల్లారేసరికి ఆమె బొంబాయి రాష్ట్రం పిల్ల. 1960లో మహారాష్ట్ర పిల్ల. 1967లో నన్ను చేసుకొని ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. 2014లో మన దిక్కు తెలంగాణ అయింది. మొత్తం ఐదు రాష్ట్రాలు. ఆమె ఇల్లు మారింది మాత్రం ఒక్కసారే. నిన్న ఈ లెక్క చెప్తే “గట్లనా” అని, పోలెల పిండి పిసుకుడు ఆపలే. ఆమెకు కోపమొస్తే మరాఠీ వస్తది, దేవుని ముందట తెలుగు వస్తది, గాజులాయనతో బేరం ఉర్దూలో నడుస్తది. ఏ గడిలో ఏం రాయాలె అని ఆమెను ఎవ్వరూ అడుగలే. అడిగితే ఎట్లుండేదో.

భాషలు ఎక్కువైతే మనిషి పలచబడతడని నీ భయం. మన ఊళ్లోనే సామల సదాశివ గారుండె. తెలుగు, ఉర్దూ, మరాఠీ, ఫారసీ అన్నీ ఆయనవే. ఉర్దూ కవులను తెలుగోళ్లకు పరిచయం చేసిన్రు. హిందుస్తానీ సంగీతం మీద తెలుగులో రాసిన ‘స్వరలయలు’కు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మరుసటేడు పోయిన్రు. ఆయన ‘యాది’ మన అలమారలోనే ఉన్నది. వచ్చినప్పుడు తీస్కపో. దాన్నిండ మన మాటే.

ఇగ కాగితాల సంగతి. కెరమెరి అవతల గుట్టల మీద కొన్ని ఊళ్లున్నయి. పరందోళి, ముకదంగూడ, అంతాపూర్ అటువంటివి. మాది అంటే మాది అని రెండు రాష్ట్రాలూ అంటయి. మనుషులకు రెండు ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు. 2024 లోక్‌సభ ఎన్నికలప్పుడు అక్కడ పోలింగ్ రెండుసార్లు జరిగింది, ఏప్రిల్ 19న చంద్రపూర్ సీటుకు, మే 13న ఆదిలాబాద్ సీటుకు. నేను అటు పోయినప్పుడు ఒక ముసలాయనను “మీది ఏ రాష్ట్రం” అని అడిగిన. “ఎండాకాలం నీళ్లు ఎవరిస్తే వాళ్లది” అన్నడు. నవ్వుకుంటనే అన్నడు గని, ఆయన చేతిలో బిందె ఖాళీగనే ఉండె.

ఇప్పుడు నీకు ఎన్నడూ చెప్పని ముచ్చట ఒకటి చెప్త.

1972లో నేను ఒక గూడెం బడికి పంతులుగా పోయిన. కొత్త ఉద్యోగం, కొత్త బెత్తం. పిల్లలందరూ గోండు పిల్లలు. నాకు గోండి ఒక్క ముక్క రాదు. రాదని ఒప్పుకునే ధైర్యమూ లేదు. అందుకని బడిలో తెలుగే మాట్లాడాలె అని హుకుం పెట్టిన. ఒక మెస్రం పిల్లగాడు ఊకె మాట్లాడేటోడు. గోండిలో లెక్కలు చెప్పేటోడు, నవ్వించేటోడు. వాణ్ణి రెండుసార్లు కొట్టిన. ఆ తర్వాత ఆ ఏడంతా వాడు నోరు తెరువలే. క్లాసు క్రమశిక్షణలో పడ్డదని నేను సంబురపడ్డ.

ముప్పై ఏండ్లు దాటినంక కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయిన. నీకు తెలుసు గదా, మెస్రం వంశం పెద్దలు ఝారీ పట్టుకొని జన్నారం దిక్కు హస్తినమడుగు దాకా చెప్పులు లేకుండ నడిచిపోయి గోదావరి నీళ్లు తెస్తరు. కుండలు సిరికొండ కుమ్మరుల దగ్గరి నుంచి వస్తయి. గోండుల దేవునికి తెలుగు కుమ్మరి కుండ, ఇది ఎవ్వరికీ వింత కాదు. పుష్య అమావాస్య రాత్రి ఆ నీళ్లతోనే నాగోబాకు పూజ. తర్వాత భేటింగ్. ఆ వంశంలోకి కొత్తగ వచ్చిన కోడళ్లు తెల్లచీరలు కట్టుకొని, ముసుగేసుకొని, పెద్దల వెంట దేవుని ముందటికి వస్తరు. పెండ్లి ఎప్పుడైనా కానీ, నాగోబాకు చూపెట్టేదాకా ఆ పిల్లకు వంశం పూజల్లో చోటు లేదు.

అక్కడ తెల్ల రుమాలు చుట్టిన మనిషి ఒకడు “సార్, రాం రాం” అని నా చెయ్యి పట్టుకున్నడు. వాడే. ఝారీ వెంట నడిచొచ్చి కాళ్లు పగిలి ఉన్నయి. ఆ రాత్రి భేటింగ్‌కు వచ్చింది వాని కోడలు. నన్ను తీస్కపోయి చుట్టాల నడుమ నిలబెట్టి గోండిలో ఏందో చెప్పిండు. అందరూ దండం పెట్టిన్రు. ఏం చెప్పినవని అడిగిన. “మాకు అక్షరాలు చెప్పిన సారు అని చెప్పిన” అన్నడు. దెబ్బల సంగతి అందులో లేదు. నేనూ అడుగలే.

ఇంటిపేరు, దేవుడు, భాష అన్నీ వానికి పుట్టుకతోనే వచ్చినయి గదా. అయినా ఏటేటా నడిచిపోయి మళ్ల తెచ్చుకుంటున్నడు. నా బెత్తం తీసేసిన మాటను వాడు ఆ తొవ్వలోనే నిలుపుకున్నడు. ఈ రోజుల్లో నీ లోపల నువ్వు వెతుక్కో అని చెప్పేటోళ్లు చానామంది. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. నలుగురి నడుమ నిలబెట్టి “ఈ పిల్ల మాది” అని చెప్పేటోళ్లు ఉండాలె, వాళ్ల కోసం మనం నడిచిన తొవ్వ కొంతన్న ఉండాలె. నీకు ఆ మనుషులున్నరు. ఈ మధ్య నడకనే తగ్గింది. రెండు దసరాలకు రాలే నువ్వు.

పట్నం తెలుగు మాట్లాడు, నేనేం అనుకోను. బయటికి పోయేటప్పుడు మంచి చీర కట్టినట్టే అది. అమ్మమ్మ మాటను చూసి ఎవరన్న నవ్వితే మాత్రం వాళ్లతో కలిసి నవ్వకు. నేను అడిగేది గదొక్కటే. ఆ గడిలో తెలుగు అని రాయి. గడి చిన్నది, కిన్వట్ అందులో పట్టదు, పట్టాలని కూడ లేదు.

పుష్య అమావాస్యకు కృష్ణా ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ చేసుకో. బాసర దాటినంక మహారాష్ట్రలోకి పోయి, చుట్టు తిరిగి మళ్ల తెలంగాణలోకి వస్తది. కిన్వట్‌లో ఆగినప్పుడు అమ్మమ్మకు ఫోన్ చెయ్యి. తర్వాత స్టేషన్‌కు వచ్చి నిలబడుత.

నీ
తాత