గచ్చిబౌలి ప్రయాణము

చిత్తూరు పట్టణమున బెల్లపు మండీలో లెక్కలు వ్రాయు గుమాస్తా యొకడు కలడు. ఆతనికి ఒక్కతే కుమార్తె. 2019వ సంవత్సరమున ఆ బాలిక యేడవ తరగతి చదువుచు, బడిలో ఫుట్‌బాల్ ఆడుచుండెను. ఆ యేడే హైదరాబాదు పేరిట ఒక జట్టు ఇండియన్ సూపర్ లీగులో క్రొత్తగా చేరినది. తెలుగునాటినుండి ఆ లీగున ప్రవేశించిన మొదటి జట్టు అదియే. బాలిక దానినే తన జట్టుగా ఎంచుకొనెను.

తోటి విద్యార్థులు నవ్విరి. చిత్తూరునకు చెన్నై సుమారు 150 కిలోమీటర్లు. అక్కడి చెన్నైయిన్ జట్టు 2015లోను, 2018లోను లీగు విజేత. "ఇంటిముందరి ఏటిని విడిచి ఎండమావికి పరుగెత్తుచున్నావు" అని యెగతాళి చేసిరి. అందుకు తగినట్లే హైదరాబాదు జట్టు కోల్‌కతాలో తొలి ఆటను 5-0తోను, జంషెడ్‌పూరులో రెండవ ఆటను 3-1తోను ఓడిపోయెను. మూడవ ఆట సొంత మైదానమున మొదటిది: నవంబరు 2వ తేదీ శనివారము, గచ్చిబౌలిలో, కేరళ బ్లాస్టర్స్ జట్టుతో.

ఆ ఆటకు తీసికొనిపోయెదనని తండ్రి మాట యిచ్చియుండెను. చార్జీలకై రెండు నెలలుగా కొంత కొంత దాచియుండెను. అయినను రెండవ ఓటమి విన్ననాడు కూతురే వెనుకాడెను.

"నాయనా, ఓడిపోవు జట్టుకొరకు నీ డబ్బు వృథా యగును. మానుకొందము."

"టిక్కెట్లు కొన్నాము గదా తల్లీ" అని మాత్రము తండ్రి పలికెను.

శుక్రవారము సాయంకాలము ఇరువురును వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్సు ఎక్కిరి. తల్లి పులిహోరయు, వేరుసెనగ ఉంటలును కట్టి యిచ్చినది. తిరుపతిలో బోడితలల భక్తులు లడ్డూ సంచులతో పెట్టె నిండ నెక్కిరి. ఎదుటి వృద్ధురాలు, "కొండకు వచ్చి పోవుచున్నారా నాయనా?" అని అడిగెను. "లేదమ్మా, బంతియాట చూడబోవుచున్నాము" అని ఆతడు బదులు చెప్పగా, ఆమె కొంతసేపు వారి ముఖములను చూచి, చెరియొక లడ్డూ ముక్క చేతిలో పెట్టినది.

రేణిగుంట దాటినపిమ్మట తండ్రి హైదరాబాదు ఆటగాండ్ర కథ యెత్తుకొనెను. ఆ నగరపు పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచినది. ఆ జట్టును తీర్చిదిద్దినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం అను పేద యువకుని ఆట రహీం కంటబడెను. సాధనకు రమ్మనగా, వచ్చుటకు చార్జీలు లేవని యాతడు చెప్పెను. అద్దె సైకిలుకై రహీం దినమునకొక రూపాయి యిచ్చెను. ఆ బలరామే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానము పొందిన భారత జట్టున ఆడెను. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణము గెలిచిన జట్టునను ఆడెను. ఆ రెండు జట్లకును శిక్షకుడు రహీమే. జకార్తానాటికే ఆయన క్యాన్సరుతో బాధపడుచుండెను. మరుసటి యేడు మరణించెను.

"ఆయన ముందు ఏమి పని చేసెడివాడు నాయనా?"

"బడిపంతులు. రేపు మనము దిగబోవు కాచిగూడలోనే పాఠములు చెప్పినాడు."

శనివారము రాత్రి గచ్చిబౌలి మైదానము దీపములతో వెలిగెను. మొదటి సగమున కేరళకు చెందిన పందొమ్మిదేండ్ల రాహుల్ గోలు చేసెను. బాలిక తలవంచుకొని, "చెప్పితిని గదా" అని గొణిగెను. తండ్రి ఏమియు ననలేదు. విరామము తరువాత హైదరాబాదునకు పెనాల్టీ లభించెను. గోలుకు పదునొకండు మీటర్ల దూరమున బంతి నుంతురు. గోలుకీపరు తప్ప అడ్డుపడువారుండరు. ఆస్ట్రియా దేశీయుడైన స్టాంకోవిచ్ దానిని గోలుగా మార్చెను. ఆట ముగియవచ్చుచుండగా ఒక ఫ్రీకిక్ దొరకెను. అందు ఎదిరిపక్షమువారు బంతికి 9.15 మీటర్లు తొలగి గోడవలె నిలువవచ్చును. బ్రెజిలు దేశపు మార్సెలీనో కొట్టిన బంతి గోలులో పడెను. 2-1! మండీలో గట్టిగా మాటాడి యెరుగని గుమాస్తా కుర్చీపైకెక్కి కేకలు పెట్టెను. బాలిక మైదానమును మరచి తండ్రినే చూచుచుండెను.

అది ఆ జట్టునకు తొలి గెలుపు. ఆ సంవత్సరము పదునెనిమిది ఆటలలో రెండే గెలిచి పట్టికలో అట్టడుగున నిలిచినది. అయితే 2022 మార్చి 20న గోవాలో, అదే కేరళ జట్టుపై, 1-1తో ఆట సమము కాగా, పెనాల్టీలలో 3-1తో గెలిచి లీగు విజేత యయ్యెను. ఆ ఆటలోను కేరళ పక్షమున గోలు చేసినవాడు రాహులే. తండ్రీకూతుండ్రు దానిని ఇంట టెలివిజనులో చూచిరి.

2025లో ఆ జట్టు హైదరాబాదును విడిచి ఢిల్లీకి తరలి, పేరు మార్చుకొన్నది. వార్త వచ్చిననాడు తండ్రి కూతునకు పత్రిక చూపి, "ఇక చెన్నైకి పోదమా తల్లీ? మూడు గంటల దూరమే" అని అడిగెను. అప్పటికామె కళాశాల విద్యార్థిని. పత్రిక మడిచి ఆతని చేతిలో పెట్టి, బంతి చంక నిడుకొని, సాయంకాలపు ఆటకై మైదానమునకు బయలుదేరెను.