తంగేడు పెంపకము

తంగేడు మెట్టప్రాంతముల రైతు లెల్లరు నెఱిగిన పొద. గుట్టలపైనను, బంజరులలోనను, బాటల వెంబడిని తనంతట మొలచి, బెట్టకు నోర్చి, పసుపుపచ్చని పూలు పూయును. విత్తకయే మొలచుటచేత దీనిని పెంచ నక్కఱలేదని పలువురు తలంతురు. కాని బంజరులు దున్నబడిన చోట తంగేడు పోవుచున్నది. 2014వ సంవత్సరమున తెలంగాణ రాష్ట్ర పుష్పమైన యీ పూవును బతుకమ్మ పండుగకు పట్టణములలో అంగళ్లయందు కొనవలసి వచ్చుచున్నది. పెరటి యంచునను పొలము గట్టునను ఒక వరుస పెంచిన రైతునకు పూవును, పచ్చిరొట్టయు, కంచెయు నొక్కచోటనే లభించును.

నేల.— చెల్కలు, ఇసుక కలిసిన యెఱ్ఱనేలలు, గులకఱాళ్ల దిబ్బలు తగును. నీరు నిలుచు పల్లము పనికిరాదు.

విత్తనము.— కాయలు గోధుమవన్నె తిరిగి యెండిన పిదప కోసి విత్తులు తీయవలెను. విత్తుల పైపొర గట్టిది. నీరు లోనికి సులువుగా చొరదు. అందుచే నట్లే చల్లినవానిలో కొన్ని మాత్రమే మొలచును. నీటిని మరగించి, పొయ్యి నుండి దింపి, అందు విత్తులు వేసి, రాత్రి యంతయు నుంచి, మఱునాడు విత్తవలెను. విత్తులను ఉడికింపరాదు.

విత్తుట.— మృగశిర కార్తె వానలకు, గట్టుపై మూరెడు ఎడమునను, పెరటిలో నాలుగైదు అడుగుల ఎడమునను, అర అంగుళము లోతున, చోటికి మూడేసి విత్తులు వేసి, పిదప బలమైన మొక్క నొక్కదానిని నిలుపవలెను. తల్లివేరు లోతునకు దిగును గనుక పెఱికి నాటిన మొక్క బ్రదుకుట యరుదు. నారు పెంచదలచిన వారు సంచులలో పెంచి, వేరు కదలకుండ నాటవలెను. తొలి యేడు బెట్టలో నీరు పోసిన చాలును. పశువులు దీనిని సాధారణముగా మేయవు. కాని లేత మొక్కలను త్రొక్కును గనుక తొలి యేడు ముళ్లకంప వేయవలెను.

పచ్చిరొట్ట.— తంగేడు కంది, పెసరల కుటుంబమునకు చేరినదే యైనను, వానివలె వేళ్లపై బొడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని పట్టదు. కావున గట్టున నున్నంత మాత్రమున మడికి బలము రాదు. ఆకును మడిలో త్రొక్కిననే ఫలము. నాట్లకు రెండు మూడు వారములు ముందుగా ఆకును లేత కొమ్మలను మాత్రమే త్రొక్కవలెను. ముదురు పుల్లలు త్వరగా కుళ్లక కాళ్లకు గ్రుచ్చుకొనును.

కోత.— ఇచ్చట నొక చిక్కు కలదు. ఆకు కావలసినది ఆషాఢ శ్రావణములలో. పూవు కావలసినది భాద్రపద అమావాస్య నుండి. పూలు కొమ్మల చివరల పూయును గనుక నాట్ల వేళ వరుస నంతయు నఱికిన పండుగకు పూవు కఱవగును. కావున వరుసను రెండు భాగములు చేసి, ఒక భాగమును ఆకునకు మోకాలెత్తున కోసి, రెండవదానిని పూవునకు విడువవలెను. మఱుసటి యేడు భాగములను మార్చవలెను. పండుగకు పూవును కత్తితో కోయవలెను గాని కొమ్మలు విఱువరాదు. విత్తనమునకు వలసిన కాయలు దక్క తక్కినవానిని ముదురక మునుపే కోసివేయవలెను. లేనిచో విత్తులు రాలి చేనిలో కలుపగును.

బెరడు.— తంగేడు చెక్క తోళ్లను పదును చేయుటకు పనికివచ్చును. నిలిచియున్న కాండము చుట్టును బెరడు నొలిచిన పొద చచ్చును. నఱికిన కొమ్మల నుండి మాత్రమే యొలిచిన మొదలు మరల చిగిర్చును.