మూలన పెట్టిన పంపులో బ్యాటరీ ఎందుకు చస్తుంది?

దమ్మాయిగూడలో ఇళ్ల మధ్య మిగిలిన చెలకలో వంగ, పాలకూర వేసుకునే ఒక రైతు ఈమధ్య బ్యాటరీ స్ప్రేయరు భుజాన వేసుకుని ఈసీఐఎల్ చౌరస్తా దగ్గర రిపేరు దుకాణానికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. తోటలో మొవ్వ, కాయ తొలిచే పురుగు పడింది. మందు కొట్టక తప్పదు. బటన్ నొక్కితే పంపు ఉలకదు, పలకదు.

"యాసంగి అయిపోయినంక కడిగి మూలకు పెట్టిన సారూ. అప్పుడు మంచిగనే ఉండె" అన్నాడు.

మెకానిక్ మీటరు పెట్టి చూశాడు. 12 వోల్టుల బ్యాటరీ 7 చూపించింది. "ఛార్జింగు ఎప్పుడు పెట్టేటోనివి?" అనడిగితే, "మొత్తం దిగినంకనే పెట్టాలంటరు గద, అట్లనే చేసిన" అన్నాడు.

తప్పు అక్కడే జరిగింది. ఈ మాట ఇప్పటికీ చాలామంది రైతులు నమ్ముతున్నారు కాబట్టి దీని సంగతి కాస్త వివరంగా తెలుసుకుందాం.

"పూర్తిగా దిగాకే ఛార్జింగు" అనే సలహా ఉట్టిది కాదు. ఒకప్పుడు టార్చిలైట్లలో, టేప్ రికార్డర్లలో నికెల్ కాడ్మియం సెల్లులు వాడేవారు. సగం వాడి సగం ఛార్జింగు పెడుతూ పోతే అవి క్రమంగా సగమే పనిచేసేవి. ఆ సెల్లులకు చెప్పిన మాటను మనం అన్ని బ్యాటరీలకూ అంటగట్టాం. చాలా బ్యాటరీ స్ప్రేయర్లలో ఉండేది 12 వోల్టుల, 8 ఆంపియర్ అవర్ల సీసం-ఆమ్లం బ్యాటరీ. ట్రాక్టరు బ్యాటరీకి తమ్ముడనుకోండి. దీని గుణం పూర్తిగా వేరు. దీనికి ఖాళీ కడుపు పనికిరాదు.

బ్యాటరీ దిగినప్పుడు లోపలి సీసం పలకల మీద లెడ్ సల్ఫేట్ అనే తెల్లటి పొర ఏర్పడుతుంది. వెంటనే ఛార్జింగు పెడితే కరిగిపోతుంది. అట్లాగే వారాల తరబడి వదిలేస్తే గట్టిపడి పలుకు కడుతుంది. ఆ తర్వాత ఎన్ని గంటలు ఛార్జింగు పెట్టినా కరగదు. పైగా బ్యాటరీ ఏ పనీ చేయకపోయినా తనంతట తాను కొద్దికొద్దిగా దిగుతూనే ఉంటుంది. మామూలు వేడిలో నెలకు నూటికి మూడు పాళ్లు పోతే, ఎండాకాలం రేకుల షెడ్డులో అంతకు రెండు మూడింతలు పోతుంది. మన రైతు యాసంగి చివర దిగిన బ్యాటరీనే మూలకు పెట్టాడు. ఆ ఎండాకాలంలోనే దాని పని అయిపోయింది.

కాబట్టి మందు కొట్టిన ప్రతి సాయంత్రం, అరట్యాంకు కొట్టినా సరే, ఛార్జింగు పెట్టండి. పంపు ధార మెత్తబడిందంటే ఆపేయండి, చివరి చుక్క దాకా పిండకండి. సీజను అయిపోయాక నిండా ఛార్జింగు చేసి, స్విచ్చి ఆపి, చల్లటి చోట పెట్టాలి. ఆ తర్వాత రెండు నెలలకొకసారి తీసి మళ్లీ ఛార్జింగు పెట్టాలి. అమావాస్యకో పౌర్ణమికో గుర్తు పెట్టుకుంటే మరిచిపోరు. పురుగుమందు డబ్బాలు, ఎండుగడ్డి ఉన్న గదిలో మాత్రం ఛార్జింగు వద్దు. గాలి ఆడే చోటు కావాలి.

మీటరు ఉన్నవారు ఇలా చూసుకోవచ్చు. ఛార్జరు తీసేసిన మూడు నాలుగు గంటల తర్వాత 12.7 దగ్గర ఉంటే బ్యాటరీ నిండింది. 12.4 చూపిస్తే కొంత తగ్గింది. 12కు వచ్చిందంటే దాదాపు ఖాళీ. కొత్తది కొనేటప్పుడు దుకాణంలోనే మీటరు పెట్టించండి. కొట్లోనే నెలల తరబడి పడి ఉన్న బ్యాటరీ చూడ్డానికి కొత్తదే, లోపల మాత్రం సగం చచ్చి ఉంటుంది. దాని మీద తయారైన నెల చూసుకోండి.

లిథియం బ్యాటరీ ఉన్న స్ప్రేయర్లు కూడా ఇప్పుడు వస్తున్నాయి. వాటి లెక్క వేరు. దాచేటప్పుడు సుమారు సగం ఛార్జింగుతో, ఎండ తగలకుండా ఉంచాలి. ఉబ్బితే వాడొద్దు. టార్చిలైటు సెల్లుల మీద 9,900 ఎంఏహెచ్ అని అచ్చేసి అమ్ముతుంటారు. ఆ సైజు లిథియం సెల్లు మంచి కంపెనీదైనా 3,500 దగ్గరే ఉంటుంది. అంకె ఎంత పెద్దదైతే అంత అనుమానించాలన్నమాట.

చౌక టార్చిలైట్ల గురించి ఇంకో మాట. వాటిలో చాలావాటికి నిండాక కరెంటు ఆపే ఏర్పాటు ఉండదు. రెండు మూడు రోజులు ప్లగ్గులోనే వదిలేస్తే బ్యాటరీ ఉడికిపోతుంది. ప్లగ్గులో ఉండగా మూత విప్పి తీగలు ముట్టుకోకండి. లోపల నేరుగా ఇంటి కరెంటే ఉండొచ్చు. పిల్లలకు ఈ సంగతి గట్టిగా చెప్పాలి.

టీవీకి మాత్రం బ్యాటరీ బాధ లేదు, కరెంటు బాధే. ఈ చౌరస్తాకు పేరిచ్చిన ఈసీఐఎల్ సంస్థ 1967లో ఏర్పడింది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా ఉపగ్రహం ద్వారా 2,400 పల్లెలకు వ్యవసాయ, ఆరోగ్య కార్యక్రమాలు చూపిన 'సైట్' ప్రయోగానికి టీవీలు తయారుచేసింది ఆ సంస్థే. కోళ్ల జాలీతో చేసిన 3 మీటర్ల గొడుగుతో ఊరంతా ఒకే టీవీ చూసిన కాలమది. ఇప్పుడు ఇంటికొకటి ఉంది కానీ పల్లె లైను కష్టాలు తీరలేదు. టీవీ వెనక 100-240 వోల్టులని రాసి ఉంటే తక్కువ వోల్టేజీకి భయపడక్కర్లేదు. భయమంతా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగినప్పుడే. 230 ఉండాల్సిన చోట 400 దాకా వస్తుంది. అందుకే ఎక్కువ వోల్టేజీకి తనంతట ఆగిపోయే స్టెబిలైజరు కొనాలి. ఉరుములు మొదలవగానే ప్లగ్గుతో పాటు డిష్షు తీగ కూడా పీకేయాలి. చాలామంది ప్లగ్గు తీసి తీగ మరిచిపోతారు.

టీవీ, ఛార్జరు, లిథియం సెల్లు ఏది కొన్నా బీఐఎస్ గుర్తు, దాంతో పాటు 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరు చూడండి. ఆ నంబరును 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొడితే అసలు కంపెనీ పేరు వస్తుంది. బిల్లు తప్పక తీసుకోండి. గ్యారంటీ ఉండి కూడా దుకాణదారు ముఖం చాటేస్తే 1915కు ఫోను చేయొచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు. రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి.

ఇక చచ్చిన బ్యాటరీ మాట. చాలామంది చెత్త బండిలో పడేస్తారు. ఆ చెత్త ఎక్కడికి పోతుందో దమ్మాయిగూడ వాళ్లను అడగండి. పక్కనే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు. హైదరాబాద్ చెత్తంతా అక్కడికే చేరుతూ వచ్చింది. అక్కడి నుంచి దిగిన నల్లనీరు మల్కారం చెరువును పాడుచేసింది. అలాంటి చోట సీసం కూడా కలిస్తే నేలలో ఇంకి బావి నీళ్ల దాకా పోయే ప్రమాదం ఉంది. లిథియం సెల్లయితే బండిలో నలిగి అంటుకుంటుంది కూడా. 2022 ఆగస్టులో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను ఇంటి చెత్తలో కలపకూడదు, వాటిని సేకరించి శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులదే. సీసం కోసం ఇంట్లో పగలగొట్టే పని అస్సలు పెట్టుకోవద్దు. ఆ దుమ్ము పిల్లల మెదడుకు చేటు.

నిజానికి పారేయాల్సిన వస్తువే కాదది. సీసానికి కిలోల లెక్కన ధర ఉంది. దమ్మాయిగూడ రైతు తన పాత బ్యాటరీని అక్కడే తూకం వేయించి, ఆ మేరకు కొత్తదాని ధర తగ్గించుకున్నాడు. మీరూ అడగండి. అడగకపోతే చాలా దుకాణాల్లో వాళ్లంతట వాళ్లు చెప్పరు.